రోకళ్ళ మీద శాసనం

పొన్నగిరి రాజు విజయకేతుడికి బారెడు పొద్దెక్కేదాకా పడుకునే అలవాటు. కోట వెనక వీధిలో ఆడవాళ్ళేమో కోడికూతకే వడ్లు దంచడం మొదలుపెడతారు. ఒకరోజు ఆ దంపుళ్ళ మోతకు ఆయనగారి తీపి కల కాస్తా చెదిరిపోయింది. ఇక చూడండి కోపం!

“మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఎవరూ రోకలి ఎత్తకూడదు! రేపే శాసనం వేయిస్తాను. ప్రజలేమంటారో కనుక్కురండి” అన్నాడు కొలువులో.

కనుక్కురావడానికి త్రిపురారయ్య ఉన్నాడుగా! ఊరి వార్తలు రాసి రాజుకు చదివి వినిపించే అధికారి. పల్లకీ దిగడు, దాని తెరా తియ్యడు. అయినా ప్రజల మనసు తనకంటే ఎవరికి తెలుసంటాడు. ఆయన వార్తల్ని ఊళ్ళో చంటిపిల్లలు కూడా నమ్మరు. నమ్మేది రాజొక్కడే.

మర్నాడు త్రిపురారయ్య తాటాకు విప్పి చదివాడు. “ప్రజలంతా ముక్తకంఠంతో హర్షిస్తున్నారు ప్రభూ. దంచే ఆడవాళ్ళయితే ఆనందం పట్టలేక కన్నీళ్ళు పెట్టుకున్నారు.”

పక్కన నిలబడి రాజుకు తాంబూలం అందిస్తున్న కొండన్నకు ఒళ్ళు మండిపోయింది. కన్నీళ్ళ మాట నిజమే. అతని అక్క సూరమ్మ పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉంది. తెల్లారేసరికి బియ్యం అంగడికి చేరకపోతే కొనే నాథుడుండడు. ఆ కూలి లేకపోతే వాళ్ళింట పొయ్యిలో పిల్లి లేవదు.

“ప్రభూ, ముద్ర వేసేముందు ఒక్క పూట ఆగండి. నేనూ ప్రజాభిప్రాయం రాసుకొస్తాను” అన్నాడు.

“ఆకూ వక్కా చుట్టుకునేవాడికి వార్తలెందుకోయ్!” అని త్రిపురారయ్య పకపకా నవ్వాడు. రాజు మాత్రం సరేనన్నాడు.

సాయంత్రం కొండన్న తాటాకు విప్పాడు. “ప్రజలంతా ముక్తకంఠంతో కోరేదేమంటే, రేపట్నుంచి ఊరందరి వడ్లూ త్రిపురారయ్యగారే దంచిపెట్టాలి. అదీ చప్పుడు కాకుండా!”

త్రిపురారయ్య ఎగిరిపడ్డాడు. “పచ్చి అబద్ధం! ఎవర్ని అడిగావురా? ఏ వీధికి వెళ్ళావు? ఒక్కడి పేరు చెప్పు చూద్దాం!”

కొండన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

“తమరు అడిగినవాళ్ళనే అడిగానండి. తమరు పేర్లు చెప్పండి, నేనూ ఆ పేర్లే చెబుతాను.”

సభంతా గొల్లుమంది. త్రిపురారయ్య తన తాటాకు అటూ ఇటూ తిరగేశాడు. అందులో ఒక్క పేరూ లేదు. రాజుకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది.

“ఆ దంచేవాళ్ళనే పిలవండి. శాసనం పడేది వాళ్ళ నెత్తిన కదా, వాళ్ళ ఎదుటే రాద్దాం” అన్నాడు.

అందరి తరఫునా సూరమ్మ బెరుగ్గా ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

“ఏం రాయమంటావో చెప్పమ్మా” అన్నాడు రాజు.

“దొరా, మా రోళ్ళు నలభై. తమ మంచం ఒకటి. ఏది జరపడం తేలికో తమరే చెప్పండి.”

రాజు సింహాసనం మీద పడీపడీ నవ్వాడు. మంచం ఆ వీధికి దూరంగా, తూర్పు మేడకు జరిగింది. ఎవరి మీద శాసనం వేసినా ముందు వాళ్ళ నోటి మాట వినాలని అక్కడికక్కడే శాసనం పుట్టింది. కొండన్న చేతికి రాజుగారి కంకణం దక్కింది. ఇక త్రిపురారయ్య అంటారా? సూరమ్మ ఒక్కో మాటే చెబుతుంటే, నిలబడి ఆ శాసనం రాసింది ఆయనే!