మోకు బుచ్చవ్వ దగ్గరుంది

మీ తాతకు తాత పాలపళ్లతో పరుగెత్తే రోజుల్లో ఒక తాటివనం ఉండేది. అందులో బుచ్చవ్వ అనే ముసలామె కల్లుకుండలు కడిగి బతికేది. పొద్దున కడిగేది, మధ్యాహ్నం కడిగేది, పొద్దుగూకే ముందు కడిగేది. ఆమెకు పిల్లలు లేరు. మాటకు మాత్రం కొదవ లేదు.

ఆ వనంలో ఒక ఆచారం. చెట్టు మీంచి పడ్డవాడు బతికితే, మూడోనాడు డప్పు కొట్టి మళ్లీ అదే చెట్టు ఎక్కించాలి. లేకపోతే భయం తలలో గూడు కడుతుందట. ఎవడు పెట్టాడో ఆ ఆచారం! పెట్టినవాడు ఏనాడూ చెట్టు మీంచి పడి ఉండడు. బుచ్చవ్వ మొగుణ్ణి అట్లాగే ఎక్కించారు. సగం దాకా పోయి, కళ్లు తిరిగి, రెండోసారి పడ్డాడు. ఇక లేవలేదు.

ఒకనాడు కల్లు గీసే గట్టయ్య జారిపడ్డాడు. ఎముక విరగలేదు, నెత్తురు రాలేదు. తల మాత్రం నేలకు కొట్టుకుంది. లేచి కూర్చుని, "నేనెందుకు కింద కూసున్న?" అని మూడుసార్లు అడిగాడు.

బుచ్చవ్వ వచ్చి అతని మోకు విప్పి చుట్ట చుట్టుకుంది. చెట్టునూ మనిషినీ కలిపి పట్టి ఉంచే తాడు అది; ఎవడి మోకుతో వాడే చెట్టెక్కాలి.

"సత్తెవ్వా," అంది గట్టయ్య పెండ్లాంతో, "వీన్ని నీడకు పండబెట్టు. కక్కుడు ఆగకున్నా, లేపితే లేవకున్నా బండి కట్టించి వైద్యుని దగ్గరికి ఉరుకు. నాతోని చెప్పనీకి గూడ ఆగకు."

మూడోనాడు కులపెద్ద ఈదయ్య డప్పుతో దిగాడు.

"మోకేదవ్వా?"

"మోకు నా దగ్గరుంది. తల కుదుటపడ్డంక ఇస్త."

"గాయమే లేదు. కుదుటపడేదేంది?"

"కాలిరిగితే కట్టు కడ్తవ్. తల లోపలి దెబ్బకు కట్టేడ కడ్తవ్ ఈదయ్యా?"

ఆమె గట్టయ్యను చెట్టు కొన చూడమంది. గాలి లేదు, ఆకు కదల్లేదు. గట్టయ్యకు మాత్రం చెట్టంతా గిర్రున తిరిగింది. కూలబడ్డాడు.

అయినా ఈదయ్య మనుషులు మోకు కోసం ఆమె గుడిసె వెతికారు. చూరులో చూశారు, నీళ్ల గాబులో చూశారు, పొయ్యిలో కూడా చూశారు. బుచ్చవ్వ నెత్తిన కుండలు పెట్టుకుని వాళ్ల ముందే తిరిగింది. కుండల కింద చుట్టకుదురును ఎవరూ చూడలేదు. అదే మోకు.

పదోనాడు మళ్లీ వచ్చారు.

"మోకేదవ్వా?"

"మోకు నా దగ్గరుంది. తల కుదుటపడ్డంక ఇస్త."

ఈసారి గట్టయ్యే ఎగిరిపడ్డాడు. ఎండ పడదు, నిద్ర పట్టదు, పెండ్లాం మీద ఊరికే చిరచిరలాడుతున్నాడు. "నేను మంచిగనే ఉన్న! ఇయ్యవ్వా!"

"నీ చెట్లెన్నిరా?"

"పదమూడు!"

పన్నెండే. పదమూడోది ఈదయ్యది.

"పరాయి చెట్టు కలుపుకున్నడంటే తెలివి తిరిగొచ్చినట్టే గదవ్వా!" అన్నాడు డప్పు కొట్టేవాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల చప్పుడుకే గట్టయ్య తల పట్టుకున్నాడు.

ఈదయ్య నవ్వలేదు. "రోజూ గీయకుంటే కల్లు ఎండిపోతది. వాని పొయ్యి ఎట్ల మండాలె? మోకు ఇస్తవా, వనం ఇడిసి పోతవా?"

బుచ్చవ్వ కుండలు దించింది. నెత్తి మీది చుట్ట తీసి అతని ముందు పెట్టింది.

"ఇదిగో మోకు. ఆనాడు నా మొగనికి నువ్వే కట్టినవ్. వీనికి గూడ నీ చేత్తోనే కట్టు."

ఈదయ్య చెయ్యి లేవలేదు.

"వానియి పన్నెండు చెట్లు, మీరు ఆరుగురు," అంది బుచ్చవ్వ. "తలా రెండు గీయుండ్రి. కల్లు వానింటికి పోనీయుండ్రి."

ఈదయ్య మోకు తీసి మళ్లీ బుచ్చవ్వ చేతిలో పెట్టాడు. "నేను మూడు గీస్త."

బుచ్చవ్వ గట్టయ్యను పడుకోబెట్టింది మొదటి రెండు రోజులే. తర్వాత బావిదాకా మెల్లగా నడిపించింది. కుండలు కడిగించింది. ఆ పైన చెట్టుకు సున్నంతో నడుమెత్తున ఒక గీత గీసింది, నిలువెత్తున ఒక గీత గీసింది. సగం చెట్టున మూడో గీత ఈదయ్యే ఎక్కి గీశాడు.

"ఒక్కో గీతే ఎక్కు. తల నొస్తే కింది గీతకు దిగు. సిగ్గేం లేదు."

"ఇంకెన్నాళ్లవ్వా?"

"ఒకనికి పది రోజులు, ఒకనికి నెల, ఒకనికి ఇంకా పైన. అడగాల్సింది నన్ను కాదు, నీ తలను."

రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాడు. నెల దాటి నాలుగో రోజున కొనదాకా పోయి వనమంతా వినబడేలా అరిచాడు: "అవ్వా, పన్నెండే!"

బుచ్చవ్వ పోయాక ఆమె గుడిసె గుంజకు ఒక మేకు కొట్టారు. తలకు దెబ్బ తగిలినవాడి మోకు ఆ మేకుకే వేలాడుతుంది. వాడి చెట్లు మిగతావాళ్లు గీస్తారు. మూడోనాటి డప్పు మళ్లీ మోగలేదు.

ఇప్పటికీ ఆ వైపు కబడ్డీలో తలకు దెబ్బ తగిలిన పిల్ల "రేపే ఆడతా" అని గంతులేస్తే, పెద్దవాళ్లు "ఆగు బిడ్డా, మోకు బుచ్చవ్వ దగ్గరుంది" అంటారు. ఆ పిల్ల మళ్లీ బరిలో దిగే రోజున జట్టంతా "నీ చెట్లెన్ని?" అని అడుగుతుంది. ఆమె గొంతెత్తి చెప్పాలి: "పన్నెండే!"