భుజమ్మీది శ్రుతి

తన బ్యాగ్‌పైపుని తోటి వాద్యగాడు రోరీయే పాడుచేశాడని డూగల్‌కి గట్టి అనుమానం. ఆ సాయంత్రమే పటాలం విందు.

స్కాట్లండ్ పటాలంలో విందంటే అదొక ముచ్చట. కంపెనీకొక వాద్యగాడు ఉన్నా, ఆ రోజు ఒక్కడే అధికారుల బల్ల చుట్టూ వాయిస్తూ తిరుగుతాడు. చివర్లో కర్నలు తన చేత్తో వెండి గిన్నెలో విస్కీ పోసి ఇస్తాడు. ఆ గిన్నె కోసం డూగల్ ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. ఇవాళ తప్పితే వంతు రోరీది. తీరా చూస్తే, పొద్దుట్నుంచీ వాద్యం శ్రుతిలో నిలవదే!

నిన్న వాద్యాల గదిలో రోరీ తచ్చాడ్డం తను చూళ్ళేదూ? పైగా "బాగా వాయించన్నా" అని నవ్వాడు కూడా. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర!

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? డూగల్ భోజనం మాని వాద్యాన్ని ముక్కముక్కా ఊడదీశాడు. లోపమేదీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా ముదిరింది.

చివరికి గురువు ఫార్కర్ దగ్గరికి పరిగెత్తాడు. పటాలంలో వాద్యగాళ్ళందరికీ పెద్ద ఆయన.

"అయ్యా, రోరీ నా కొంప ముంచాడు."

"ఏం చేశాడు?"

"అదే తెలీడం లేదు. అంత తెలివిగా చేశాడు!"

ఫార్కర్ నవ్వలేదు. రోరీని పిలిపించాడు. "డూగల్, వాయించు. రోరీ, వెనక నిలబడి శ్రుతి చెయ్యి."

అది అక్కడి ఆనవాయితీ. శ్రుతిగొట్టాలు వాయించేవాడి భుజమ్మీద ఉంటాయి. తోటివాడు వెనక నుంచుని వాటిని సరిచేస్తాడు.

రోరీ వేళ్ళు గొట్టాన్ని తాకాయో లేదో, డూగల్ మెడ బిగుసుకుంది. చంకలోని గాలితిత్తిని చెయ్యి నొక్కేసింది. వాద్యం కీచుమంది.

"చూశారా!"

"చూశాను. కళ్ళు మూసుకుని మళ్ళీ వాయించు," అంటూ ఫార్కర్ లేచి అతని వెనక్కి వెళ్ళాడు.

హమ్మయ్య అనుకున్నాడు డూగల్. వాద్యం హోరులో ఇంకే చప్పుడూ వినబడలేదు. వెనక నుంచి వేళ్ళు గొట్టాలని ఓపిగ్గా పైకీ కిందికీ జరిపాయి. ఒక్కొక్కటే వచ్చి శ్రుతిలో కలిసింది. అబ్బ, ఎంత హాయి! పొద్దుట్నుంచీ దీనికోసమే కదా ప్రాణం కొట్టుకుంది.

వాయించడం ఆపి కళ్ళు తెరిచాడు. ఫార్కర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక గొట్టం మీద రోరీ చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"ఎవరనుకుని వాయించావు?"

డూగల్ తలొంచుకున్నాడు. "మీరనుకుని."

"సాయంత్రం కూడా రోరీయే శ్రుతి చేస్తాడు," అన్నాడు ఫార్కర్. "ఈసారి కళ్ళు తెరుచుకుని వాయించు."