మసకమూలలో మరువం

కొండవేలి రాజుగారికి ఆ నెలంతా మనసు కుదుట పడలేదు. రాణిగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మరువం మొక్కను దొంగల భయంతో ఆయనే పడకగది మూలన పెట్టించాడు. అక్కడ అది పాలిపోయి, సన్నగా సాగి, వాలిపోతోంది. తోటపని చేసే పోలమ్మను పిలిపించాడు.

"దీన్ని బాగుచెయ్యి. ఆ మూల నుంచి కదిపినా, ఒక్క కొస తుంచినా నీ కొలువు పోతుంది," అన్నాడు గదిలో అటూ ఇటూ తిరుగుతూ.

మర్నాడు పోలమ్మ ఒక అర్జీ రాయించి తెచ్చింది.

"మొక్క పక్కనే నిలబడి చదవండి దొరా."

రాజు మూలకు వెళ్లాడు. ఆ మసకలో అక్షరాలు కంటికి ఆనలేదు. విసుక్కుంటూ కాగితంతో పాటు మెడ కూడా కిటికీ వైపు చాచాడు.

"ఒక్క క్షణానికే దొరవారి మెడ సాగింది. ఆ మొక్క రెండు నెలలుగా అక్కడే ఉంది," అంది పోలమ్మ.

రాజు గతుక్కుమన్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి అర్జీ చదివాడు. "మొక్కను వెలుతురులో పెట్టించండి. సాగిన కొసలు తుంచనివ్వండి, పక్క కొమ్మలు వేస్తుంది," అని ఉంది.

కుండీని ఆయనే మోసుకొచ్చి కిటికీలో పెట్టాడు. "తుంచు," అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

నెల తిరిగేసరికి మరువం గుబురుగా పెరిగింది. రాణిగారు మొదటి రెమ్మ తెంపి పోలమ్మ కొప్పులో తురిమింది.