ఎర్ర కాగితం మీద పేరు

రొయ్యల కంపెనీలో ఈమెయిళ్లకు నేను కాపలా కాసే రోజుల్లో, చెడ్డ లింకులు నా పేరు వింటేనే వెనక్కి తిరిగి వెళ్లిపోయేవి. బయటి నుంచి ఏ మెయిల్ వచ్చినా, అందులోని లింకును నా ప్రోగ్రాం గుమ్మం దగ్గరే ఆపి, మొహం చూసి, మంచిదైతేనే లోపలికి పంపేది. దాన్ని నేను నాలుగే రోజుల్లో, కుడిచేత్తో రాస్తూ ఎడంచేత్తో అన్నం తింటూ తయారు చేశాను. రోజుకు లక్ష చెడ్డ లింకులు పట్టేది. కొందరు రెండు లక్షలంటారు, నేను వాదించను.

అలాంటి నా కళ్లుగప్పి ఒకటి దూరింది.

అది మా దగ్గర సరుకు కొనే విదేశీ కంపెనీ నుంచి వచ్చింది. వాళ్ల మెయిల్ పెట్టెను ఎవడో దొంగ ముందే ఆక్రమించుకున్నాడు. పొద్దున తొమ్మిదికి నా ప్రోగ్రాం చూసినప్పుడు ఆ లింకు వెనక ఖాళీ పేజీ తప్ప ఏమీ లేదు. పదకొండింటికి అక్కడ దొంగ వచ్చి కూర్చున్నాడు. ప్యాకింగ్ రికార్డులు చూసే ఒకావిడ దాన్ని నొక్కి, అడిగిన చోట తన పాస్‌వర్డు కొట్టేసింది.

రెండు నిమిషాల్లో నా బల్ల మీద ఫోను మోగింది.

"బాబూ, నేనేదో చేయకూడని పని చేసినట్టున్నానండీ. పాస్‌వర్డు కొట్టాక అంతా తెల్లగా అయిపోయింది. ఒకసారి చూస్తారా?"

చూడటమేమిటి, రెండు అంతస్తులు ఒక్క గెంతులో దిగాను. ఆవిడ కంప్యూటర్ తీగ పీకాను, పాస్‌వర్డు మార్చాను, ఆ మెయిల్ ఇంకా ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరి పెట్టెల్లోంచీ లాగి పారేశాను. మొత్తం ఏడు నిమిషాలు. ఆ వేగం మా జిల్లాలో అంతకు ముందు లేదు, ఇక ముందు రాదు.

మధ్యాహ్నం ఎండీ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. నొక్కిన మనిషి పేరు నాలుగింటికల్లా కావాలని.

మా ఫ్యాక్టరీలో అదొక ఆచారం. ప్యాకెట్లో వెంట్రుక కనబడినా, చేతి గాజులు తీయకుండా లోపలికి వచ్చినా, ఆ మనిషి పేరు ఎర్ర కాగితం మీద రాసి, అందరూ చేతులు కడుక్కునే చోట గోడకు అంటిస్తారు. మూడుసార్లు ఎక్కితే ఉద్యోగం పోయినట్టే. ఆవిడ అప్పటికే రెండుసార్లు ఎక్కింది.

నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. ఆవిడ పేరు గోడెక్కితే తప్పు ఆవిడది, నా ప్రోగ్రాం కడిగిన ముత్యం. పేరు ఒక కాగితం మీద రాసి, గర్వంగా మా గురువుకు చూపించాను.

మా గురువు ఖాజా మొహిద్దీన్ గారు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నాకు పని నేర్పింది ఆయనే. నా పక్క గదిలో కూర్చుని పాత మిషన్లు బాగుచేస్తుండేవారు.

"చూశారా ఉస్తాద్, నా ప్రోగ్రాంలో లోపం లేదు. మనుషులే ఇలా నొక్కుకుంటూ పోతే మనమేం చేస్తాం చెప్పండి."

ఆయన తలెత్తలేదు. "లింకు దూరిందని నీకెలా తెలిసిందయ్యా రత్నం?"

"ఆవిడ ఫోన్ చేసింది కదండీ."

"నీ ప్రోగ్రాం చెప్పలేదూ?"

"లేదండి."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని లేచారు. నా గదిలో బల్ల దగ్గరికి వెళ్లి, గోడలోంచి ఫోను తీగ పీకి, పొందికగా చుట్టి, ఆ ఫోన్ని తెచ్చి నా చేతిలోని కాగితం మీద పెట్టారు.

"పేరుతో పాటు ఇదీ ఇచ్చేసి రా. రేపట్నుంచి నీకు పనికి రాదు."

మళ్లీ తన మిషన్ ముందు కూర్చున్నారు.

ఆ పూట నా ప్రోగ్రాం కంటే ఆ ఫోనే గొప్పదని ఒప్పుకున్నాను. నన్నెరిగినవాళ్లెవరూ ఈ ముక్క నమ్మరు.

కాగితాన్ని చించి జేబులో కుక్కుకుని, ఫోన్ చంకలో పెట్టుకుని ఎండీ గారి గదికి వెళ్లాను.

"పేరేదయ్యా?"

"ఇవ్వనండి."

"తెలీదా?"

"తెలుసండి. ఇవ్వను."

ఆయన కళ్లజోడు తీశారు. "ఎవరో ఒకరు గోడెక్కాలి. లేకపోతే రేపు ఎవడికీ భయముండదు."

"భయపడి ఉంటే ఆవిడ నాకు ఫోన్ చేసేది కాదండి."

"ఓహో, ఆవిడా?"

నాలుక కరుచుకున్నాను. "మన ఫ్యాక్టరీలో మూడొందల మంది ఆవిడలున్నారండి." ఫోన్ ఆయన బల్ల మీద పెట్టాను. "పేరే కావాలంటే ఇదీ మీ దగ్గరే ఉంచుకోండి. ఇక ఎవరూ చెయ్యరు."

ఆయన ఫోన్ వంక చూశారు, నా వంక చూశారు. "అయితే నీ పేరు ఎక్కిస్తాను."

"ఎక్కించండి. దాన్ని దూరనిచ్చింది నేనే. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి రాయించండి, నా పేరు గేటు బయటికి కూడా కనబడాలి."

"ఉద్యోగం మీద ఆశ లేదట్రా నీకు?"

"ఉందండి. అందుకే ఇవ్వట్లేదు."

ఫోన్ తీసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున నా పేరు గోడ మీద ఉంది. మొదటి షిఫ్టు వాళ్లు చేతులు కడుక్కుంటూ చదివారు. నేను పెళ్లికొడుకులా దాని పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకు దండం పెట్టాను.

పది గంటలకు ఒకరు నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

"రత్నం గారూ, పోయిన వారం నేనూ ఒకటి నొక్కాను. ఇంట్లో కంప్యూటర్లో. అక్కడ మీ ప్రోగ్రాం ఉండదు కదా. గోడెక్కిస్తారని చెప్పలేదు."

మధ్యాహ్నం ఇంకొకరు. సాయంత్రానికి మూడోవారు. ఆ ముగ్గురిలో ఒకరి మెయిల్ పెట్టెను ఎవడో నాలుగు రోజులుగా తాపీగా చదువుకుంటున్నాడు. అన్నీ తాళం వేశాను. ఎంతసేపట్లో వేశానో చెప్పుకోవాలని నాకనిపించలేదు.

పని ముగిసే వేళకు ఉస్తాద్ రెండు గ్లాసుల టీతో వచ్చారు.

"ఎంతమంది వచ్చారయ్యా?"

"ముగ్గురండి."

"ఎవరెవరు?"

ఆయన అడిగితే నేను చెప్పని సంగతి అంతవరకూ ఒక్కటి లేదు.

"చెప్పనండి ఉస్తాద్."

ఆయన తన గ్లాసులోని టీ సగం నా గ్లాసులో పోసి, లేచి తన గదిలోకి వెళ్లిపోయారు.