దారి అడిగితే ఇచ్చిన ఇనుప కాళ్ళు

అనగనగా ఒక రాజ్యం. గడిచిపోయిన కాలంలోది కాదు పిల్లలూ, ఇంకా రావలసిన కాలంలోది. ఆ కాలంలో మనుషులు చొక్కా తొడుక్కున్నట్టు బలాన్ని తొడుక్కునేవారు. కంటికి ఒక అద్దం పెట్టుకుంటే ఆమడ దూరంలో వాలిన పిట్ట కనిపించేది. కాళ్ళకు ఒక తొడుగు వేసుకుంటే జింకతో సమానంగా పరుగెత్తేవారు. ఇన్ని మారినా రాజులు రాజుల్లాగే ఉన్నారు. కొండమీది ఊళ్ళు కొండమీదే ఉన్నాయి.

ఆ రాజ్యం పేరు దిగువనాడు. దాని రాజు విజయకేతుడు. అతని నగరంలో వీధులు అద్దాల్లా మెరిసేవి. ఆ వీధుల్లో నిలబడి తలెత్తితే మబ్బుల్లో ఒక కొండ కనిపించేది. ఆ కొండమీద మబ్బుగూడెం. నలభై గుడిసెలు. కిందికి దిగడానికి దారి లేదు. వాళ్ళు దారి అని పిలుచుకునేది మేకలు తొక్కిన గీత.

జబ్బు చేసినవాళ్ళనూ, నొప్పులు పడే ఆడవాళ్ళనూ ఆ గీత మీదే డోలీలో దించేవారు. డోలీ అంటే వెదురు కర్రకు దుప్పటి ఊయలలా కట్టడమే. ముందొకరు, వెనకొకరు మోస్తారు. భుజం మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు పక్కన నడుస్తారు. కింద వైద్యశాలకు చేరేసరికి సగం రోజు గడిచేది.

ఆ డోలీకి రెండు కట్టుబాట్లు ఉండేవి. ముందు మోసేవాడు దారిలో ఏముందో చెప్పాలి. "రాయి" అంటాడు, "జారుడు" అంటాడు, "వంగు" అంటాడు. వెనకవాడికి డోలీ అడ్డం కాబట్టి కింద నేల కనిపించదు. విన్నానని "ఊ" అంటాడు. ఆ ఊ వినిపించనిదే ముందువాడు అడుగు వేయడు. ఇది మొదటిది.

రెండోది నూలుతాడు. ఒక కొస ముందు మోసేవాడి మణికట్టుకు, రెండో కొస డోలీలో పడుకున్నవాళ్ళ వేలికి. నొప్పి ఓర్చుకోలేకపోతే తాడు లాగుతారు. లాగగానే డోలీ ఆగుతుంది. ఎందుకు లాగావని ఎవరూ అడగరు.

ముందు మోసేవాడు సుక్రన్న. వెనక మోసేవాడు అతని బావ గాసన్న. ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకటే నడక. సుక్రన్న భార్య ఆ గీత మీదే, ఎక్కినా దిగినా మూడోదే అయ్యే నడిమి మలుపు దగ్గర, అతని భుజాన ఉన్న డోలీలోనే ప్రాణం వదిలింది. అప్పటికి కూతురు మంగ్లికి మూడేళ్ళు. ఆ మంగ్లి పెరిగింది, పెళ్ళయింది, నెల తప్పింది. కూతుర్ని ఆ మేకల గీత మీద దించకూడదని సుక్రన్న ఒట్టు పెట్టుకున్నాడు. కానుపు వేళకు దారి పడాలి. అతనికి కావలసింది అంతే.

మంగ్లికి మూడో నెలలో సుక్రన్న కొండ దిగి కొలువుకు వెళ్ళాడు. చేతులు కట్టుకుని, మా ఊరికి దారి వేయించండి మహారాజా అన్నాడు. రాజు తన పక్కనున్న రత్నగుప్తుడి వైపు చూశాడు. ఒంటికి తొడుక్కునే బలాలన్నీ తయారుచేసే వర్తకుడు ఇతనే. కొండ తవ్వాలంటే ఏళ్ళు పడుతుందని రత్నగుప్తుడు లెక్క చెప్పాడు. దారిని మార్చడం దేనికి, కాళ్ళను మారిస్తే పోదా అన్నాడు. రాజుకు ఆ మాట ముచ్చటేసింది. సుక్రన్నకు ఇనుప కాళ్ళు ఇప్పించాడు. నడుము నుంచి మడమ దాకా తొడుక్కుంటే ఎంత నడిచినా అలసట తెలియదు.

ఊళ్ళో అందరూ వింతగా చూశారు. బరువులో ఎక్కువ పాలు సుక్రన్నే మోయసాగాడు కాబట్టి భుజం మార్చుకునే ఇద్దరితో ఇక పని లేకపోయింది. వాళ్ళు చేను చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

అయిదో నెలలో సుక్రన్న మళ్ళీ వెళ్ళాడు. కాళ్ళు బాగున్నాయి మహారాజా, దారి సంగతి ఏమైంది అన్నాడు. కాళ్ళిచ్చినా దారి అడుగుతాడేమిటని సభలో నవ్వారు. ఈసారి ఇనుప వెన్ను ఇచ్చారు. దానికి వెనక ఒక కుర్చీ. రోగిని అందులో కూర్చోబెట్టి ఒక్కడే మోయవచ్చు.

గాసన్న ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇరవై ఏళ్ళు నీ వీపు చూస్తూ నడిచాను బావా. నీ మొహం ఇంత వికారంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

సుక్రన్న నవ్వాడు. గాసన్న కూడా నవ్వాడు, కానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదని అతని పెళ్ళాం తర్వాత చెప్పింది.

ఎనిమిదో నెలలో మూడోసారి. ఈసారి సుక్రన్న గొంతు పెరిగింది. నా కూతురికి నెల దగ్గరపడింది, నాకు బలం వద్దు దారి కావాలి అన్నాడు. రాజుకు విసుగొచ్చింది. ఇచ్చినకొద్దీ అడుగుతున్నాడన్నాడు. అడిగింది ఒక్కసారి కూడా ఇవ్వలేదని సభలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అలాంటి సభలు ఏ కాలంలోనైనా ఉంటాయి పిల్లలూ.

ఈసారి ఇనుప చేతులూ, ఒక టోపీ ఇచ్చారు. ఆ చేతులకు పట్టు జారదు. అవి మోచేతుల దాకా ఉంటాయి. టోపీ చెవులను గట్టిగా మూసి, దారిలో ఏముందో తానే చూసి, తీయని గొంతుతో చెవిలో చెబుతుంది. రాయి అంటుంది, జారుడు అంటుంది, వంగు అంటుంది.

పదిహేను రోజులు తిరగకముందే, తెల్లవారుతుండగా మంగ్లికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోందని మంత్రసాని పైడమ్మ చెప్పింది. కిందికి దించాల్సిందే. సుక్రన్న ఇనుమంతా తొడుక్కున్నాడు. కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. పైడమ్మ నూలుతాడు తెచ్చింది. ఒక కొస మంగ్లి వేలికి కట్టింది. రెండో కొస సుక్రన్న మణికట్టుకు, ఆ ఇనుము మీదే కట్టింది. కట్టుబాటు తప్పలేదు కదా అని ఇద్దరూ అనుకున్నారు.

ఇనుప కాళ్ళు కదిలాయి. పైడమ్మ పక్కనే పరుగెత్తింది. మొదటి మలుపు దాటేసరికి ఆమె వెనకబడింది. మెల్లగా మెల్లగా అని ఆమె కేకలు వేసింది. టోపీ లోపల ఆ కేకలు చేరలేదు.

రాయి అంది టోపీ. సుక్రన్న అలవాటు కొద్దీ ఊ అన్నాడు. జారుడు అంది. ఊ అన్నాడు. కొండగాలి మొహానికి కొడుతుంటే అతని గుండె పొంగింది. భార్యను ఇంత వేగంగా దించగలిగి ఉంటే బతికేది కదా అనుకున్నాడు. మూడో మలుపు వచ్చింది. వంగు అంది టోపీ. ఊ అన్నాడు, వంగాడు, దాటేశాడు.

సగం రోజు పట్టే దారిని గంటలో దిగాడు. వైద్యశాల గుమ్మంలో కుర్చీ దించి, టోపీ తీసి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

బిడ్డ దారిలోనే పుట్టింది. అందుకునే చేయి లేక, బట్టల్లో చిక్కుకుని, ఊపిరి తీయకుండానే పోయింది. మంగ్లి వేలికి నూలుతాడు ఎముక దాకా దిగింది.

"లాగాను అయ్యా" అంది మంగ్లి.

సుక్రన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. తాడు ఇంకా ఇనుప మణికట్టుకు కట్టే ఉంది. ముడి కూడా సడలలేదు.

మంగ్లి బతికింది. బిడ్డను తీసుకెళ్ళి మూడో మలుపు దగ్గర, అమ్మమ్మ పక్కనే పెట్టారు.

ఈ కబురు కొలువుకు చేరింది. రత్నగుప్తుడు విచారంగా తల పంకించాడు. తర్వాత, సగం రోజు దారి గంటలో దిగాడట మహారాజా, ఈ సంగతి పొరుగు రాజ్యాలకు తెలియాలి అన్నాడు. వెంటనే బలోత్సవం చాటించారు. మూడు దేశాల రాయబారులను పిలిచారు. ఇనుప మనిషిని చూపించడానికి సుక్రన్నకు కబురు పంపారు.

ఊళ్ళో ఎవరూ అతను వెళ్తాడనుకోలేదు. వెళ్ళాడు. ఇనుమంతా తొడుక్కునే వెళ్ళాడు. రాయబారుల ముందు వంగి దండం పెట్టి, ఈ బలం గొప్పతనం తెలియాలంటే స్వయంగా మహారాజే ఈ కుర్చీలో మా ఊరిదాకా రావాలి అన్నాడు. రాయబారులు చప్పట్లు కొట్టారు. అందరి ముందూ భయమని రాజు అనలేడు కదా. రత్నగుప్తుడు మరీ ఉత్సాహపడ్డాడు.

"ఒక్క కట్టుబాటు ఉంది మహారాజా" అన్నాడు సుక్రన్న. "ఈ తాడు వేలికి కట్టుకోవాలి. ఆపాలనిపిస్తే లాగండి."

రాజు నవ్వుతూ వేలు చాచాడు.

రాజవైద్యుడూ, భటులూ పక్కనే బయలుదేరారు. మొదటి మలుపు దాటేసరికి వాళ్ళు వెనకబడ్డారు. ఇనుప కాళ్ళు రాళ్ళమీద ఎగిరెగిరి పడ్డాయి. రాజు నాలుక పళ్ళ మధ్య నలిగింది. లాగాడు. ఆగలేదు. రెండో మలుపు దగ్గర కిరీటం లోయలోకి పోయింది. మళ్ళీ లాగాడు. అరిచాడు, తిట్టాడు. మూడో మలుపు దగ్గర ఏడ్చాడు. రాయి అంది టోపీ. ఊ అన్నాడు సుక్రన్న.

మబ్బుగూడెంలో కుర్చీ దించేసరికి రాజు నేలమీదికి జారి కక్కుకున్నాడు. వేలినుంచి నెత్తురు కారుతోంది.

"నూరుసార్లు లాగాను. ఎందుకు ఆపలేదు?" అన్నాడు.

"తెలియలేదు మహారాజా."

"గొంతు పగిలేలా అరిచాను."

"వినిపించలేదు. తమరిచ్చిన టోపీ రాయి అంది. నేను ఊ అన్నాను."

అబద్ధమాడుతున్నావని రాజు చేయెత్తాడు. అప్పుడే ఒక ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. చెంబు పట్టుకున్న ఆమె వేలిమీద, సరిగ్గా అతని గాయం ఉన్నచోటే, మానిన గీత ఉంది.

"నాకూ అక్కడే కోసుకుంది" అంది మంగ్లి. "మీరు పెద్దవారు కాబట్టి ప్రాణంతో చేరారు. నీళ్ళు తాగండి."

రాజు ఎత్తిన చేయి దించాడు. చెంబు అందుకుని నీళ్ళు తాగాడు.

దిగడానికి మళ్ళీ ఆ కుర్చీ ఎక్కనన్నాడు. నడవడానికి కాళ్ళు లేవలేదు. సుక్రన్న ఇనుమంతా విప్పి ఒక మూల పడేశాడు. గాసన్న వచ్చాడు, చేలోంచి భుజం మార్చే ఆ ఇద్దరూ వచ్చారు. దుప్పటి కట్టారు. నూలుతాడు ఈసారి ఒట్టి మణికట్టుకు కట్టారు.

"రాయి" అన్నాడు సుక్రన్న.

"ఊ" అన్నాడు గాసన్న.

దారిలో రాజు మూడుసార్లు తాడు లాగాడు. మూడుసార్లూ ఆగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మూడో మలుపు దగ్గర మాత్రం అతను లాగకుండానే డోలీ ఆగింది.

"నేను లాగలేదే" అన్నాడు రాజు.

"ఇక్కడ మేం ఆగుతాం మహారాజా" అన్నాడు గాసన్న.

రాజు తల బయటపెట్టి చూశాడు. రెండు రాళ్ళగుట్టలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సగం రోజు తర్వాత కొండ కిందికి చేరగానే, మబ్బుగూడేనికి దారి వేయమని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి కదా.

దారి వేసే పని రత్నగుప్తుడికే దక్కింది. అతను మూడో మలుపు దాకా వేయించి ఆపేశాడు. రాజుగారి కన్నీరు అక్కడే కదా రాలింది, అక్కడిదాకా చాలన్నాడు. అక్కడ ఒక శిలాఫలకం నిలబెట్టారు. దానిమీద రాజు పేరు, వర్తకుడి పేరు చెక్కారు. ఫలకం కనబడాలని రెండు రాళ్ళగుట్టలనూ పక్కకు నెట్టేశారు. రాజు వచ్చి చూడలేదు. వేలు మానిపోయింది, మరిచిపోయాడు.

సుక్రన్న మళ్ళీ కొలువుకు వెళ్ళలేదు. ఇనుప కాళ్ళూ, వెన్నూ, చేతులూ కొలిమిలో వేయించాడు. అవి కరిగి పద్నాలుగు గునపాలూ, తొమ్మిది పారలూ అయ్యాయి. టోపీని కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి గాసన్న తీసుకున్నాడు. అది ఇంకా రాయి అంటోందా అని అప్పుడప్పుడూ చెవి పెట్టి వింటున్నానని చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఊరంతా కలిసి మూడు వేసవులు కొండను తవ్వారు. మొట్టమొదట చేసిన పని, నెట్టేసిన రాళ్ళను ఏరి మళ్ళీ వాటి చోట పేర్చడం.

నాలుగో ఏట మంగ్లి రెండో కానుపుకు ఆ దారిమీద ఎడ్లబండిలో దిగింది. పక్కన పైడమ్మ కూర్చుంది. బండి తోలింది సుక్రన్న. బండికి నూలుతాడుతో పని లేదు. అయినా కట్టుకున్నాడు. మంగ్లి ఎన్నిసార్లు లాగితే అన్నిసార్లు ఆపాడు. మూడో మలుపు దగ్గర ఆమె లాగలేదు, అయినా బండి ఆగింది. కింద వైద్యశాలలో పుట్టిన ఆడపిల్ల కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే సుక్రన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రెండు ఏడుపులు వినవలసినవాడు అతను, ఒక్కటే విన్నాడు.

పిల్లలూ, ఎదుటివారి నొప్పి తెలియకుండా చేసే బలం ఎంత గొప్పదైనా, దాన్ని తొడుక్కున్నవాడు చివరికి తనవాళ్ళనే తొక్కుకుంటూ పోతాడు.