కోళ్ల పాకకి కొత్త సర్వరు

మొక్కజొన్న చేను దాటగానే ఓ కోళ్ల పాక ఉంది. అందులో పెట్టలన్నీ కలిసి గుడ్ల కంపెనీ పెట్టుకున్నాయి. గూటికో చిన్న తెర. గుడ్డు పెట్టగానే ఆ తెర మీద ముక్కుతో పొడిస్తే లెక్క ఎక్కుతుంది. ఆ తెరలన్నిటి వెనకా పనిచేసే పెద్ద పెట్టెని సర్వరు అంటారు. అది కాస్తా మొన్న చచ్చూరుకుంది. కొత్తది కొనాలి.

ఆ కబురు నక్క చెవిన పడింది. టౌను నుంచి ఖాళీగా వస్తున్న ఎద్దు బండి మీద ఇంత పెట్టె వేసుకుని మిట్టమధ్యాహ్నం దిగాడు. పెట్టలన్నీ దుమ్ములో పొర్లి కునుకు తీస్తున్నాయి.

"ఏం పుంజు బావా, కంపెనీ పెరుగుతోందట?"

పుంజు ఆ పాకకి మేనేజరు. మెడ నిక్కించాడు. "నేనుండగా పెరగకేం?"

"నీ హోదాకి తగ్గ సర్వరు తెచ్చాను. ఇందులో లెక్కలు దాచుకునే గది చూడు. నీ మునిమనవళ్ల కాలానికి కూడా నిండదు."

పెట్టె మీద నీలం దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. పుంజు కళ్లు వాటి మీదే ఉన్నాయి.

"మరి ధర?"

"మనలో మనకి ధరేంటి బావా. ఆ మూలనున్న జొన్నల రాశి ఇచ్చేయండి, చాలు."

కునుకు మాని వెనక వరసలో నిలబడ్డ చుక్కమ్మ అనే పెట్ట ఆ రాశి వైపు చూసింది. ముసురు పట్టాక పిల్లలు పాక దాటలేవు. అప్పుడు వాటి కడుపు నింపేవి ఆ జొన్నలే. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే చుక్కమ్మకి చెడ్డ సిగ్గు. ఈకలు దువ్వుకుంటూ ఉండిపోయింది.

"కావాలంటే నడిపి చూపిస్తాను," అన్నాడు నక్క. నల్లపెట్ట ఓ తెర మీద, బోడిపెట్ట ఓ తెర మీద పొడిచాయి. లెక్క జర్రున ఎక్కింది.

"పొడవడమే ఆలస్యం, చూశారా?"

"ఖాయం చేసేద్దాం," అన్నాడు పుంజు.

ఇక ఊరుకుంటే జొన్నలు పోతాయి. "నక్కన్నా, ఒక్క మాట," అంది చుక్కమ్మ. గొంతు కోడిపిల్ల గొంతులా వచ్చింది. "మేం కొత్త గూట్లో ముందు కూర్చుని, అటూ ఇటూ తిరిగి, కుదిరితేనే గుడ్డు పెడతాం. దీన్నీ అలాగే చూస్తాం. పొద్దున మా పనివేళకి నడిపించు."

"పొద్దునకీ ఇప్పటికీ తేడా ఏంటి చెల్లెమ్మా? పెట్టె ఇదే, కోళ్లూ మీరే."

"నువ్వేమన్నా ఇంజనీరువా?" అని పుంజు విసుక్కున్నాడు.

"కాదు, గుడ్డు పెట్టేదాన్ని. నువ్వు పెట్టవు కదా."

పెట్టలు కిసుక్కున నవ్వాయి. దీపాలకి మురిసిపోయిన కోళ్లు ఎక్కడికి పోతాయిలే అనుకుని నక్క సరేనన్నాడు.

తెల్లారింది. పాకలో పెట్టలన్నీ గుడ్లు పెట్టే వేళ అదే. గుడ్డు పెట్టిన పెట్ట ఊరుకోదు, లోకానికంతా చెప్పాలి. పాకంతా ఒక్కసారే కొక్కొక్కొమంది, తెరలన్నిటి మీదా ముక్కులు ఒక్కసారే పడ్డాయి. తెర మీద ఓ చక్రం ప్రత్యక్షమై గిర్రున తిరగడం మొదలెట్టింది. ఎంతకీ ఆగదు. లెక్క ఎక్కలేదని పెట్టలు మళ్లీ మళ్లీ పొడిచాయి. దాంతో పెట్టె పూర్తిగా బిగుసుకుపోయింది.

"ఒక్కొక్కరే రండమ్మా, వరసగా," అన్నాడు నక్క చెమటలు కక్కుతూ.

"గుడ్డు పెట్టి ఆగమంటావా? కోడిని చూసి నువ్వు ఆగగలవా అన్నా?" అంది బోడిపెట్ట.

"అయితే ఇలాంటిదే ఇంకోటి తీసుకోండి. రెండుంటే ఇబ్బందుండదు."

పుంజు అదీ నిజమేనన్నట్టు తలాడించాడు. చుక్కమ్మ ఈసారి ముందుకొచ్చింది.

"అన్నా, నీ గది నిండిపోయిందా?"

"ఎక్కడ నిండుతుంది? ఓ మూలక్కూడా రాలేదు."

"మరి ఖాళీ గది పక్కన ఇంకో ఖాళీ గది దేనికి? మాకు కావాల్సింది అందరం ఒకేసారి కూర్చుని పనిచేసుకునే అరుగు. ఇందులో అరుగెంత?"

నక్క గొంతు సవరించుకున్నాడు. "ర్యాము సంగతా? అది... కాస్త తక్కువే."

"ఎంతమందికి సరిపోతుంది?"

"ఓ ఇద్దరికి."

పుంజు తల దించుకున్నాడు. ఆ పూటకి లెక్క నోటితోనే చెప్పుకుని బుట్టలు బండికెక్కించారు.

"తాతా, నా పెట్టె కూడా వేసుకుపో," అని నక్క ఎద్దుని బతిమాలాడు.

"బండి నిండా గుడ్లు నాయనా. ఇనప డబ్బా మీద పడితే అవి మిగుల్తాయా?" అని ఎద్దు కదిలిపోయాడు.

నక్క ఆ పెట్టెని వీపుకెత్తుకుని, రొప్పుతూ, దించుతూ, మళ్లీ ఎత్తుతూ మొక్కజొన్న చేలోకి నడిచాడు.

ఆ వారంలోనే సర్వర్లమ్మే తాబేలు దగ్గర గది చిన్నదీ అరుగు విశాలమైనదీ అయిన పెట్టె చూసి, పొద్దున్నే అందరూ పొడిచి చూసుకుని, నాలుగు బుట్టల గుడ్లకి కొనుక్కున్నారు. ముసురు పట్టాక చుక్కమ్మ పిల్లలు రెక్కల కిందనుంచి తలలు బయటపెట్టి జొన్నలు తిన్నాయి.

నీతి: సర్వరు కొనేవాళ్లు తీరిక వేళ కాదు, రద్దీ వేళ నడిపి చూసుకోవాలి.