దివానుగారి తిరుగు ప్రయాణం

పూర్వం ఒక ఏటి రేవులో పడవ నడిపే సరంగు చనిపోయాడు. ఆ కొలువుకు మనిషిని ఎంచడానికి దివాను విస్సన్న అవతలి ఒడ్డు నుంచి వచ్చాడు. సరంగు కూతురు నూకాలే ఆయన్ని పడవలో దాటించింది. దారిపొడుగునా ఆయన హాయిగా కునికాడు.

కొలువు కోసం వచ్చిన మగవాళ్ళను "ఎంత బరువు మోయగలవు?" అని అడిగాడు. తనూ కొలువు అడిగిన నూకాలును మాత్రం "నువ్వు పడవెక్కితే ఇంట్లో వంటెవరు చేస్తారే?" అన్నాడు.

"ఆకలేసినవాళ్ళు చేసుకుంటారు దివానుగారూ" అంది నూకాలు. ఈ కొలువు పోతే ఆమెకూ తల్లికీ పూట గడవదు.

దివాను నవ్వేసి, కొలువు తన బావమరిది భద్రయ్యకే అన్నాడు. అంతలో ఎగువన వాన పడి ఏరు పొంగింది.

"మీరు అడిగినదానికి చెప్పాను. నేనూ ఒకటి అడగనా?" అంది నూకాలు. "ఇప్పుడు మీరు ఎవరు నడిపే పడవలో ఇంటికెళతారు?"

దివాను సుడులు తిరిగే నీటిని చూశాడు. తెడ్డు తలకిందులుగా పట్టుకున్న బావమరిదిని చూశాడు.

"అమ్మా నూకాలూ, పడవ తియ్యి."

"కొలువు లేనిదాన్ని, రాజుగారి పడవ ముట్టుకోకూడదు కదండీ?"

"కొలువు నీదేనమ్మా, పద!"

ఈసారి ఆయనకు కునుకు రాలేదు. ఒడ్డు చేరగానే చేతులు జోడించాడు. "ప్రాణం నిలబెట్టావు తల్లీ!"

నూకాలు కళ్ళు తుడుచుకుంది.

"ఆ దండం మా నాన్నకు పెట్టండి. ఆడపిల్లవు, ఒడ్డున కూర్చోమని నాతో ఒక్కనాడూ అనలేదు."